పెరట్లో పువ్వు, పొయ్యి మీద కూర
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



పోయిన మహాసభలో నన్ను బ్యాంకు లింకేజీ గురించి మాట్లాడమన్నారు, మాట్లాడాను. ఈసారి ఏం మాట్లాడతావమ్మా అని అడిగితే, పెరటి తోట గురించి, పూల గురించి అన్నాను. పక్కనున్న అక్క ఒకామె నవ్వింది. "అప్పులు, వడ్డీలు మాట్లాడే చోట పూలేందే?" అనింది. నవ్వితే నవ్విందిలే గానీ, ఆ పెరడు వల్లే మా సంఘంలో ఒక గొడవ వచ్చింది. ఆ పెరడు వల్లే ఆ గొడవ పోయింది కూడా. ఆ సంగతి చెప్పాలనే ఈడికి వచ్చాను. నేను పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. తప్పులుంటే మీరే సర్దుకోండి.

మన మెట్ట సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఆత్మకూరు వైపు సోమశిల నీళ్లు పారే ఊళ్ల సంగతి వేరు. ఉదయగిరి కొండ చుట్టుపక్కల మన ఊళ్లు వేరు. మనకు వాన అంటే అక్టోబర్, నవంబర్, డిసెంబర్. ఆ మూడు నెలల్లో తుఫాను పట్టిందా, చెరువులో నాలుగు చుక్కలు నిలుస్తాయి. పట్టలేదా, ఆ ఏడు అంతే. సంక్రాంతి దాటాక ఆకాశం వంక చూసి లాభం లేదు. అందుకనే "ఈడ కూరగాయలు యాడ పండుతాయి, సంతకు పోయి కొనుక్కోవాల్సిందే" అని మనమే అనుకుంటాం. నేనూ అట్లే అనుకున్నాను.

మా ఇంటి వెనక ఆరు అంకణాల స్థలం ఉంది. మా ఆయన బెంగళూరులో కట్టుబడి పనికి పోతాడు. ఇంట్లో మా అత్త, నేను, ఇద్దరు పిల్లలు. ఆయన వస్తే ఐదుగురం. ఆ ఆరు అంకణాల్లో రాళ్లు, పగిలిన కుండలు, సర్కారు తుమ్మ తప్ప ఏమీ ఉండేవి కావు. సంతకు వారానికి మూడు నాలుగు వందలు పెట్టేదాన్ని. ఆ తెచ్చినవి మూడు రోజులకే అయిపోయేవి. మిగతా నాలుగు రోజులు పప్పుచారు, ఊరగాయ, చింతపండు పచ్చడి. పిల్లలు అదే తిని బడికి పోయేవాళ్లు.

నాలుగేళ్ల కిందట బడిలో ఆడపిల్లలకు రక్తపరీక్ష చేస్తే మా పాపకు ఎనిమిది పాయింట్లే ఉందన్నారు. మనసు చివుక్కుమనింది. సంఘంలో అందరికీ లెక్కలు చెప్పేదాన్ని, నా బిడ్డ ఒంట్లో రక్తం లెక్క నాకే తెలీలేదు. మా పాప ఒక్కతే కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అంటే ఈ సభలో కూర్చున్న మనలో సగం మందికి పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు మనిషికి రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమంటారు. ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు, వారానికి పద్నాలుగు కిలోలు. నేను సంతలో తెచ్చేది నాలుగు కిలోలు కూడా ఉండేది కాదు.

ఆశా కార్యకర్త బిళ్లలిచ్చింది. ఆకుకూర పెట్టమనింది. ఆ రోజు సాయంత్రమే మా అత్త, నేను గడ్డపార పట్టుకొని వెనక్కి పోయాము.

మొదట వేసింది తోటకూర. ఆ విత్తనం ఆవాల కన్నా సన్నం. ఊరికే చల్లితే ఒకేచోట కుప్పగా పడుతుంది. గుప్పెడు విత్తనానికి రెండు గుప్పెళ్ల ఇసుక కలిపి చల్లమని మా అత్త చెప్పింది. చల్లి, పైన గోనెపట్ట కప్పి, చేత్తో నీళ్లు చిలకరించాను. నాలుగో రోజు తెల్లారి పట్ట తీస్తే ఎర్రగా, సన్నగా, సూదిమొనల్లాగా మొలకలు. అక్కా, నాకు ఇద్దరు బిడ్డలు. కాన్పు నొప్పులు తెలిసినదాన్ని. అయినా ఆ మొలకలు చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకో నేను చెప్పలేను. మీలో ఎవరైనా విత్తనం వేసి మొలక చూసి ఉంటే మీకే తెలుసు.

ఇరవై ఐదు రోజులకు మొదటి కోత. కోసిన తోటకూర కోసినట్టే కడిగి, పెసరపప్పులో వేసి, మన ఉదయగిరి చెక్క గరిటెతో కలిపి దించాను. ఆ రోజు పాప మళ్లీ అన్నం పెట్టించుకొని తినింది. ఏడాది తర్వాత పరీక్ష చేయిస్తే పదకొండుకు దగ్గరకొచ్చింది. బిళ్లలూ వేసుకుంది, ఆకుకూరా తినింది. ఏది ఎంత పని చేసిందో నేను చెప్పలేను. రెండూ ఆపకూడదని మాత్రం తెలుసుకున్నాను.

ఇంక పూల సంగతి. పెరట్లో మూడు మల్లె దుబ్బులు పెట్టాను. కూర సరే, పూలెందుకు, నీళ్లు దండగ అని మా ఆయన ఫోనులో అన్నాడు. నేను పెట్టాలనే పెట్టాను. మల్లెకు ఒక పద్ధతి ఉంది. కార్తీకం పోయాక నీళ్లు తగ్గించి ఎండగట్టాలి. జనవరిలో ఆకులన్నీ దూసి, కొమ్మలు కత్తిరించి, మొదట్లో తవ్వి పశువుల ఎరువు వేసి అప్పుడు నీళ్లు పెట్టాలి. చూసేవాళ్లు చెట్టును చంపేసినావే అంటారు. శివరాత్రి నాటికి చిగురేస్తుంది. ఉగాది ముందర మొగ్గ కడుతుంది. సాయంత్రం ఐదింటికి కోసి, అరుగు మీద కూర్చొని కడతాను. సంతలో మూర ఇరవై రూపాయలు. నా పెరట్లో రోజూ రెండు మూడు మూరలు. ఒక మూర దేవుడి పటానికి, ఒక మూర పాపకు, ఒక మూర నాకు. మొగుడు తెస్తేనే పూలు పెట్టుకోవాలని మనకెవరు చెప్పారు? పొద్దున లేచినకాడి నుంచి ఇంటి పని, కూలి పని, సంఘం పని. ఆ అరుగు మీద పూలు కట్టే అరగంట మాత్రం నాది.

పూలంటే మల్లెలే కాదు. సొరపాదు పూసే వేళ ఎప్పుడైనా చూశారా? పొద్దు వాలాక తెల్లగా విచ్చుకుంటుంది. బీరపువ్వూ సాయంత్రమే, పచ్చగా. కాకరపువ్వు పొద్దున పూస్తుంది. మొదటి ఏడు మా సొరపాదు నిండా పూలే గానీ ఒక్క కాయా నిలవలేదు. దిష్టి తగిలిందని గుమ్మడికాయ కూడా తిప్పాను. తర్వాత ప్రకృతి వ్యవసాయం నేర్పే అక్క ఒకామె వచ్చి చూపించింది. పాదుకు ముందు వచ్చేవి మగపూలు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉండదు. తేనెటీగలు, పురుగులు రాకపోతే ఆ రెండూ కలవవు. సాయంత్రం పువ్వు విచ్చుకున్నాక మగపువ్వు కోసి, రేకులు తీసేసి, దాని పుప్పొడి ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. అంతే. ఆ వారంలోనే ఐదు పిందెలు నిలబడినాయి. ఇప్పుడు మా పిల్లోడు బడి నుంచి వచ్చి ఆ పని చేస్తాడు. పక్కనే బంతి, తులసి వేశాక ఈగలు కూడా బాగానే వస్తా ఉండాయి.

ఇది చెప్తే, నీళ్లు యాడివే అని అడుగుతారు. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి ఎండాకాలం బోరు అడుగంటితే, బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు తెచ్చి వంగ నారుకు పోశాను. వారంలో ఆకుల అంచులు మాడిపోయినాయి. పన్నెండు మొక్కల్లో తొమ్మిది పోయినాయి. ఇప్పుడు అట్లా చేయను. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు నేరుగా ఆకుకూరలకు. గుడ్డలు రెండోసారి జాడించిన నీళ్లు, స్నానం నీళ్లు కాలువ తీసి అరటికి, చేమకు. సబ్బు ఎక్కువున్న మొదటి నీళ్లు ఏ మొక్కకూ వద్దు. మొక్కల మొదట్లో ఎండుటాకులు, వేరుశనగ పొట్టు నాలుగు వేళ్ల మందాన పరిస్తే నేల తడి తొందరగా ఆరదు. రెండు రోజులకొకసారి పోసే నీళ్లు నాలుగు రోజులకొకసారి సరిపోతాయి. పోసేది తెల్లారుజామున గానీ పొద్దు గూకాక గానీ. ఎండలు ముదిరాక పైన పాత చీర పందిరి లాగా కడతాను. మా అత్త పెళ్లినాటి చీర ఒకటి అట్లానే పోయింది. "నా మీద ఉన్నదానికన్నా ఈడే పనికొచ్చింది" అని ఆమే నవ్వింది.

ఎప్పుడు ఏది వేయాలో కూడా చెప్తాను, రాసుకోండి. వానలప్పుడు, అంటే అక్టోబర్, నవంబర్‌లో వంగ, టమాటా, మిరప నార్లు, పందిరి చిక్కుడు. సంక్రాంతి అయినాక, ఫిబ్రవరి లోపల బెండ, గోరుచిక్కుడు, దోస, సొర, బీర, కాకర. కాకర, సొర గింజలు తోలు గట్టివి, రాత్రంతా నానబెట్టి వేయండి. బెండ నలభై ఐదు రోజులకే కాపుకొస్తుంది, ఉగాదికి ఇగురు చేసుకోవచ్చు. తోటకూర, గోంగూర అంతా ఒకేసారి వేయకండి. పదిహేను రోజులకొక చిన్న మడి వేస్తే ఇంట్లో ఆకుకూర తెగదు. మూలన ఒక మునగ, ఒక కరివేపాకు ఉంటే అవి ఎప్పటికీ ఉంటాయి. మన మెట్ట మండలాల్లో కొన్ని ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. కాల్షియం, విటమిన్ సి ఉన్న తిండి బాగా తినాలని డాక్టర్లు అందుకే చెప్తారు. మునగాకులో, తోటకూరలో కాల్షియం ఉంది. మంచినీళ్లు మంచివి తెచ్చుకోవడం మానకండి. ఆకుకూర దానికి తోడు.

ఎరువుకు జీవామృతం. పెద్ద డ్రమ్ము అక్కర్లేదు. ఇరవై లీటర్ల నీళ్లకు కిలో పేడ, లీటరు ఆవు పంచితం, రెండు వందల గ్రాముల బెల్లం, రెండు వందల గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు ఉంచి, పొద్దున సాయంత్రం కర్రతో కలపాలి. వారం లోపల వాడేయాలి. పురుగు పడితే వేపగింజల పొడి యాభై గ్రాములు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బు నురగ కలిపి చల్లండి. పేనుబంక ఇంకా కొంచెమే ఉంటే తెల్లారి మంచు మీద పొయ్యి బూడిద చల్లినా పోతుంది.

ఇప్పుడు ఆ గొడవ సంగతి.

రెండేళ్ల కిందట, ఉగాదికి పది రోజులుందనగా, బెండ తొలి కాపు. మల్లె మొగ్గ మీద ఉంది. నేను నెల మీటింగు పుస్తకాలు రాయించుకొని ఇంటికొచ్చేసరికి పెరట్లో నాలుగు మేకలు. బెండ మొక్కకు ఒక ఆకు లేదు. సొరపాదు మొదటికంటా కొరికేసినాయి. మల్లె చిగుళ్లు ఒక్కటీ మిగల్లేదు. అవి మా పక్కింటి అక్కవి. ఆమె మా సంఘం సభ్యురాలే. నేను నోరు జారాను. అనకూడని మాటలే అన్నాను. ఆమె ఊరుకోలేదు. "నీకు పూలు ముఖ్యం, నాకు మేకలు ముఖ్యం. నీ సోకు కోసం నా మేకలను కట్టేసుకోవాలా?" అనింది.

ఆ తర్వాత ఆమె రెండు మీటింగులకు రాలేదు. వాయిదా కట్టలేదు. అడగడానికి నేను పోలేదు. వేరే సభ్యురాలిని పంపిస్తే, లీడరే రాలేదు, నేనెందుకు రావాలి అనిందంట. పది మంది సంఘం. ఒక్కరు ఆగితే పుస్తకం ఆగుతుంది. అప్పటికి మేము కొత్త లింకేజీకి పెట్టుకొని ఉన్నాము. నా బెండ మొక్కల కోపం పది ఇళ్ల మీద పడింది.

మూడో మీటింగులో మా పెద్ద సభ్యురాలు ఒకామె, అరవై దాటినామె, నన్ను అందరి ముందర అడిగింది. "అమ్మా లీడరూ, ఆ మేకలు ఏ డబ్బుతో కొనింది?" మన సంఘం లోనుతోనే అన్నాను. "తీర్మానం రాసింది ఎవరు?" నేనే అన్నాను. "మీ పెరటి కంప ఎన్నాళ్ల నుంచి విరిగి ఉంది?" అనింది. నేను తలొంచుకున్నాను. సంక్రాంతి నుంచి విరిగే ఉంది. రేపు కడదాం, మాపు కడదాం అని రెండు నెలలు గడిపాను. మేక పచ్చగా కనబడితే తింటుంది, దాని తప్పేముంది.

ఆ సాయంత్రం నేనే వాళ్లింటికి పోయాను. మాట అనేసినా అక్కా, మనసులో పెట్టుకోవద్దు అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచినీళ్లిచ్చింది. మేకలు ఇల్లు దాటి పోయిన రోజు ఆమె కూడా భయపడిందంట. గడ్డి దొరక్క వదిలిపెట్టాల్సి వచ్చిందంట. అది నేను ఎప్పుడూ అడగలేదు.

మరుసటి రోజు ఇద్దరం కలిసి తుమ్మ కంప కొట్టుకొచ్చి దడి కట్టాము. అప్పటి నుంచి మా ఒప్పందం ఒకటే. ముదిరిన ఆకులు, కలుపు, కాపు అయిపోయిన పాదులు ఆమె మేకలకు. మేకల పెంట నా పెరటికి. మేక పెంట ఆరు నెలలు మాగబెట్టి వేస్తే సొరకు అంతకన్నా మంచి ఎరువు లేదని నేను అప్పుడే తెలుసుకున్నాను. పోయిన ఏడు మా పందిరికి ముప్పై సొరకాయలు దిగినాయి, ఎనిమిది ఆమె ఇంటికే పోయినాయి. ఆమె వాయిదాలు అన్నీ కట్టేసింది. లింకేజీ వచ్చింది. మేకలు మేసేసిన మల్లె మళ్లీ చిగురేసింది. కత్తిరించినట్టే అయిందని మా అత్త అంటుంది. ఈ పొద్దు ఆ అక్క తల్లో ఉన్న పూలు మా పెరటివే. ఆమె ఈ సభలోనే కూర్చొని ఉంది, పేరు చెప్పొద్దనింది.

అక్కలారా, పొదుపు మనకు కొత్త కాదు. మన జిల్లాలో అక్షరదీపం రాత్రి బడుల్లో చదువుకున్న ఆడోళ్లు, మన కలిగిరి మండలం దూబగుంట నుంచి సారా మీద తిరగబడినారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నేను అప్పటికి పసిబిడ్డను, మా అమ్మ చెప్తే విన్నాను. ఆ తర్వాతే మన నెల్లూరులో పొదుపులక్ష్మి అని రోజుకొక రూపాయి దాచుకోవడం మొదలైంది. రూపాయితో ఏమొస్తుంది అని ఆ రోజు నవ్వినోళ్లున్నారు. ఈ రోజు ఈ సభ చూడండి. పెరడు కూడా అట్లాంటిదే. రోజుకొక చెంబు నీళ్లు, రోజుకొక పావుగంట. దాచింది యాడికీ పోదు.

ఇంకొక సంగతి. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లు ఏళ్ల తరబడి పాత విత్తనాలు ఇంట్లోనే దాచుకుంటా ఉండారు. కావాల్సినోళ్లకు విత్తనం అప్పిచ్చి, పంట వచ్చాక విత్తనంగానే తిరిగి తీసుకుంటారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లూ మన మాదిరి మెట్ట భూముల ఆడోళ్లే. డబ్బు అప్పిచ్చి వసూలు చేసుకోవడం మనకు బాగా తెలుసు కదా. విత్తనం అప్పివ్వడం మనకు చేతకాదా?

మనకు సంఘంలో పంచసూత్రాలు ఉన్నాయి. పెరటికి కూడా ఐదు మాటలు పెట్టుకుందామని నా మనవి.

ఒకటి, ప్రతి సభ్యురాలి ఇంటి దగ్గర, స్థలం లేకపోతే పాత బకెట్లో అయినా, ఒక ఆకుకూర ఉండాలి.
రెండు, ప్రతి ఇంట్లో ఒక పూలచెట్టు. అది ఎవరినీ అడగకుండా మనకిష్టమైనది పెట్టుకోవాలి.
మూడు, తొలి కాపులో ఒక మంచి కాయ కోయకుండా ముదరబెట్టి, ఎండబెట్టి, బూడిద కలిపి విత్తనం దాచాలి. హైబ్రిడ్ విత్తనానికి ఇది పనికిరాదు, నాటు విత్తనమే పెట్టుకోవాలి.
నాలుగు, నెల మీటింగులో పొదుపు వసూలయ్యాక ఐదు నిమిషాలు విత్తనాల మార్పిడి. ఎవరు ఎంత తీసుకున్నారో పుస్తకంలో వెనక పేజీలో రాయాలి.
ఐదు, దడి ముందు, కోపం తర్వాత. మేకలున్న ఇల్లు, పెరడున్న ఇల్లు ముందే కూర్చొని మాట్లాడుకోవాలి.

లాభమెంత అని అడిగేవాళ్లకు నా లెక్క చెప్తాను. సంత ఖర్చు ఇప్పుడు వారానికి నూట యాభై దాటడం లేదు. మిగిలింది పాప పేరున పోస్టాఫీసులో వేస్తా ఉండా. ఆ లెక్క పుస్తకంలో ఉంది. తెల్లారి లేచి వెనక తలుపు తీస్తే కొత్తగా ఏం మొలిచిందో చూడాలనే ఆశ మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేను. మా ఆయన కూడా పోయిన పండక్కి వచ్చినప్పుడు మల్లె దుబ్బు దగ్గర కాసేపు నిలబడి, ఇంకోటి పెట్టు అన్నాడు.

ఉగాది వస్తా ఉంది. పచ్చడిలోకి వేపపువ్వు మన చెట్టుది ఎట్లా వేస్తామో, ఆ రోజు కూర కూడా మన పెరటిది వండుకుందాం. నేను తోటకూర, బెండ, సొర విత్తనాలు పొట్లాలు కట్టి తెచ్చాను. పోయేటప్పుడు తలుపు దగ్గర తీసుకోండి. ఊరికే కాదు, అప్పు. వచ్చే మహాసభకు విత్తనంగానే తిరిగి తేవాలి. వడ్డీ మీ ఇష్టం.